కుండీలోని జాజి తీగ ఆకులు రంగు మారితే కారణం కనుక్కోవడం ఎలా

జాజి తీగ ఆకులు పసుపు రంగుకు తిరగగానే ఎరువు చాలలేదని తలచి కుండీలో గుప్పెడు యూరియానో, వేరుశనగ చెక్కనో వేయడం అనంతపురం ఇళ్లలో సాధారణంగా కనిపించే పని. ఆ వైద్యం అప్పుడప్పుడూ ఫలిస్తుంది కానీ ఎక్కువసార్లు ఫలించదు. ఇక్కడి మిద్దె మొక్కల్లో ఆకు రంగు చెడడానికి మూలం చాలావరకు ఎరువు కొరతలో కాక, మనం రోజూ పోస్తున్న నీళ్లలోనూ, ఆ నీళ్లు కుండీ మట్టికి చేస్తున్న మార్పులోనూ ఉంటుంది. అందుచేత మందుల అంగడికి వెళ్లే ముందు తీగ దగ్గర కాసేపు కూర్చుని, ఏ ఆకు, ఎక్కడ, ఏ తీరుగా రంగు మారిందో చూడడం అవసరం. ఇక్కడ చెప్పే పద్ధతి జాజిని దృష్టిలో పెట్టుకుని రాసినదే అయినా మల్లెకూ, రాధామనోహరానికీ, కుండీలో పెంచే మరే పూల తీగకైనా చాలావరకు సరిపోతుంది.

రంగుకంటే ముందు చోటు చూడాలి

పసుపు రంగు ఒక్కటే చూసి కారణం చెప్పడం సాధ్యం కాదు, ఎందుకంటే నత్రజని తగ్గినా, ఇనుము అందకపోయినా, వేరు కుళ్లినా, నల్లి (ఆకు రసం పీల్చే, కంటికి ఆనీ ఆనని పురుగు) పట్టినా ఆకు చివరికి పసుపే అవుతుంది. తేడా తెలిసేది ఆ రంగు తీగలో ఎక్కడ మొదలైందన్న దానిని బట్టి. నత్రజని, పొటాష్, మెగ్నీషియం వంటి పోషకాలు కొరతపడితే మొక్క వాటిని ముదురాకుల్లోంచి లాగి చిగుళ్లకు పంపుకుంటుంది కాబట్టి మొదట కింది ఆకులు పాలిపోతాయి. ఇనుము, జింకు వంటివి ఒకసారి ఆకులో చేరాక మళ్లీ అంత తేలికగా కదలవు, అందువల్ల వాటి లోటు మొదట లేతాకుల్లోనే బయటపడుతుంది. ఈ ఒక్క భేదం గుర్తుంటే సగం కారణాలను అక్కడికక్కడే పక్కన పెట్టవచ్చు.

పరీక్షకు పొద్దున ఎండ ముదరక ముందు సమయం మంచిది, మధ్యాహ్నపు వెలుగులో అన్ని ఆకులూ వెలిసినట్టే కనిపిస్తాయి. జాజి ఆకు ఒకే కాడకు బేసి సంఖ్యలో చిన్నాకులు కలిగిన సంయుక్త పత్రం కనుక ఒక్క చిన్నాకును గిల్లి చూడకుండా కాడతో సహా కోయాలి. కొన కొమ్మ నుంచి ఒకటి, నడుమ నుంచి ఒకటి, మొదటి కణుపుల దగ్గర నుంచి ఒకటి తెచ్చి తెల్ల కాగితం మీద పక్కపక్కన పరచండి. మూడింటినీ పోల్చి, ఈనెలు పచ్చగా నిలిచాయా లేక ఆకంతా ఒకే రంగుకు తిరిగిందా, అంచు ఎండిందా, మచ్చలు ఉన్నాయా అన్నది చూసి, ఆ తర్వాత ఆకులను తిరగేసి అడుగు వైపు కూడా చూడాలి. చాలామంది అడుగు వైపు చూడనే చూడరు.

లేతాకు పసుపు, ఈనెలు పచ్చన

కొన చిగుళ్లు నిమ్మపండు రంగులో ఉండి, వాటిలో ఈనెలు మాత్రం సన్నని పచ్చని వలలాగా కనిపిస్తూ, కింది ముదురాకులు ఆరోగ్యంగా ఉంటే అది ఇనుము లోటు. ముదిరినకొద్దీ చిగురు దాదాపు తెల్లబడుతుంది, అంచులు మాడుతాయి, మొగ్గలు తగ్గుతాయి. అనంతపురంలో ఎక్కువగా ఎదురయ్యేది ఇదే. ఈ జిల్లాలో వేరుశనగ వేసే రైతులకు ఈ లక్షణం కొత్తది కాదు, సున్నం ఎక్కువ ఉన్న పొలాల్లో వేరుశనగ లేతాకులు ఇదే తీరుగా పాలిపోతాయి.

ఇందులో చిత్రమేమంటే మట్టిలో ఇనుము లేకపోవడం చాలా అరుదు. ఎర్రమట్టికి ఆ ఎరుపు వచ్చేదే ఇనుము వల్ల. లోటు ఇనుముది కాదు, ఆ ఇనుమును వేరు తీసుకోగల స్థితిది. మట్టి పులుపు, క్షారాల కొలత అయిన పీహెచ్ 7.5 దాటేకొద్దీ ఇనుము కరగని రూపంలోకి మారిపోయి, ఎదురుగా ఉన్నా వేరుకు అందకుండా పోతుంది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటూఇటూగా మాత్రమే వాన పడే ఈ ప్రాంతంలో బోరు నీళ్లే చాలా ఇళ్లకు ఆధారం, ఆ నీళ్లలో కాల్షియం, బైకార్బొనేట్లు ఎక్కువ. పొలంలో మట్టి విస్తారం కనుక ఆ ప్రభావం నెమ్మదిగా తెలుస్తుంది. పది పన్నెండు లీటర్ల కుండీలో మాత్రం పోసిన నీళ్లలోని ఉప్పూ సున్నమూ అక్కడే మిగిలి, నీరు ఒక్కటే ఆవిరై పోతుంది కాబట్టి నర్సరీ నుంచి తెచ్చినప్పుడు నిగనిగలాడిన తీగ ఏడాది తిరిగేసరికి వెలవెలబోతుంది. మొక్కకు ఏమీ తక్కువ చేయలేదే అని మనం అనుకుంటూ ఉంటాము, నిజానికి సున్నాన్ని రోజుకు ఇంత చొప్పున మనమే పోస్తున్నాము.

దీనిని ఇంట్లోనే నిర్ధారించుకోవచ్చు. కుండీ పైమట్టి ఒక చెంచా తీసి ఆరబెట్టి, దాని మీద వెనిగర్ గాని నిమ్మరసం గాని కొన్ని చుక్కలు వేస్తే బుడగలు పొంగినట్లయితే మట్టిలో సున్నం పేరుకుందని అర్థం. కుండీ బయటి గోడ మీద, అడుగు పళ్లెంలో తెల్లగా గట్టిన పొరను కూడా ఇలాగే పరీక్షించాలి, పొంగితే అది సున్నం, పొంగకపోతే ఇతర ఉప్పు. కొత్త సిమెంటు తొట్లలో నాటిన తీగలకు మరో చిక్కు ఉంది. కొత్త సిమెంటు నుంచి కొన్ని నెలల పాటు సున్నం ఊరుతూ ఉంటుంది కాబట్టి అటువంటి తొట్టిని నాటడానికి ముందు చాలాసార్లు నీళ్లు నింపి పారబోయాలి. పండుగలకు కుండీలకు సున్నం, జాజు పూసే అలవాటు ఉన్నవారు సున్నపు నీళ్లు లోపలి మట్టిలో పడకుండా చూసుకుంటే చాలు.

తక్షణ చికిత్సకు అంగడిలో అన్నభేది పేరుతో దొరికే ఫెర్రస్ సల్ఫేటు సరిపోతుంది. లీటరు నీటిలో మొదట 1 గ్రాము నిమ్మ ఉప్పు కరిగించి, ఆ తర్వాత 5 గ్రాముల అన్నభేది కలిపి, సాయంత్రం ఎండ తగ్గాక చిగుళ్లు తడిసేలా చల్లాలి. వారం పది రోజుల వ్యవధితో రెండు మూడుసార్లు చల్లితే కొత్త చిగురు పచ్చగా రావడం మొదలవుతుంది. ద్రావణాన్ని ఎప్పటికప్పుడు తయారు చేసుకోవాలి, నిలవ ఉంచితే తుప్పు రంగుకు తిరిగి పనికిరాకుండా పోతుంది. బోరు నీళ్లలో కలిపినా అదే జరిగే అవకాశం ఉంది కాబట్టి వాన నీళ్లు గాని, ఏసీ నుంచి కారే నీళ్లు గాని వాడడం మేలు. చల్లేటప్పుడు కింద పాత గోనె పరచకపోతే గచ్చు మీద పడిన తుప్పు మరకలు త్వరగా వదలవు. అన్నభేదిని నేరుగా మట్టిలో వేయడం వల్ల పెద్దగా ప్రయోజనం లేదు, సున్నపు మట్టిలో పడగానే అదీ మిగతా ఇనుములాగే బిగిసిపోతుంది. మట్టికే ఇవ్వదలచినవారు చిలేటెడ్ ఇనుమును, అంటే మట్టిలో బిగిసిపోకుండా మరో పదార్థంతో కట్టి ఉంచిన ఇనుమును, కొనేటప్పుడు ప్యాకెట్టు మీద ఏ రకమో చదవాలి: ఈడీటీఏ రకం సున్నపు మట్టిలో నిలవదు, ఈడీడీహెచ్ఏ రకం నిలుస్తుంది, ధర మాత్రం ఎక్కువ.

అయితే ఇదంతా పైపూతే. నీళ్లు మారకపోతే ఆకు మళ్లీ పాలిపోతుంది. ఏసీ నీరు గాలిలోని తేమ చల్లబడి కారినదే కనుక అందులో ఉప్పు దాదాపు ఉండదు, ఎండాకాలంలో దానిని బకెట్టులో పట్టి తీగలకు పోయడానికి మించిన సులువు మరొకటి లేదు. దీనికి సరిగ్గా విరుద్ధమైనది ఆర్ఓ యంత్రం బయటకు వదిలే నీరు. నీళ్లు వృథా కాకూడదన్న మంచి ఉద్దేశంతోనే చాలా ఇళ్లలో ఆ గొట్టాన్ని కుండీలకు తిప్పుతారు, కానీ యంత్రం మంచి నీటిని వేరు చేసుకుని ఉప్పును అందులోకి తోసేస్తుంది కాబట్టి అది అసలు బోరు నీటికంటే చిక్కనైన ఉప్పు నీరు. దానితో గచ్చు కడగండి, జాజికి మాత్రం పోయకండి. కుళాయికి నది నీరు వచ్చే వీధుల్లో ఉన్నవారు ఆ నీటినే తీగకు కేటాయించడం ఉత్తమం. తొలకరి నుంచి కార్తీకం దాకా పడే వానలకు కుండీని ఆరుబయట ఉంచి పూర్తిగా తడవనివ్వాలి.

కోడిగుడ్డు పెంకులు, కట్టెల బూడిద కుండీలో వేసే అలవాటు గురించి కూడా ఇక్కడే చెప్పాలి. రెండూ మట్టిలో క్షారాన్ని పెంచేవే. పుల్లనేలల ప్రాంతాల్లో అవి మేలు చేయవచ్చు కానీ మన బోరు నీళ్ల కుండీలకు అవి సున్నం మీద సున్నం.

ముదురాకు పసుపు

కింది ఆకులు ఈనెలతో సహా ఒకే తీరుగా లేత పసుపుకు తిరిగి, కొత్త తీగలు సన్నగా పొట్టిగా వస్తూ ఉంటే అది నత్రజని లోటు. నీళ్లు పోసిన ప్రతిసారీ అడుగు రంధ్రం గుండా నత్రజని కొట్టుకుపోతుంది కనుక మట్టి మార్చి రెండేళ్లు దాటిన కుండీల్లో ఇది సహజం. రెండు మూడు గుప్పిళ్ల వర్మీ కంపోస్టు లేదా బాగా మాగిన జీవాల ఎరువు పైమట్టిలో కలిపితే సరిపోతుంది. వేరుశనగ చెక్కను మాత్రం పచ్చిగా వేయకుండా నాలుగైదు రోజులు నానబెట్టి, పులిసిన నీటిని పదింతలు పలచన చేసి పోయాలి. పచ్చి చెక్క కుండీలో కుళ్లేటప్పుడు వేరుకు వేడి చేస్తుంది, పైగా చీమలను పిలుస్తుంది.

ముదురాకుల్లో ఈనెల మధ్య పసుపు, ఈనెల వెంట పచ్చదనం ఉంటే మెగ్నీషియం వైపు అనుమానించాలి, లీటరుకు 5 గ్రాముల ఎప్సం సాల్ట్ చల్లి చూడవచ్చు. కానీ కఠినమైన నీళ్లలో కాల్షియంతో పాటు మెగ్నీషియం కూడా ఉంటుంది కనుక ఇక్కడ ఈ లోటు అంత తరచుగా రాదు. ఇరుగుపొరుగు ఇచ్చే ఎప్సం సలహాలో చాలాభాగం ఇనుము లోటును ఇదిగా పొరబడడం వల్ల వచ్చేదే. ముదురాకా, లేతాకా అన్నది చూస్తే ఆ పొరపాటు జరగదు.

డిసెంబరు, జనవరి చలిలో జాజి కొన్ని ముదురాకులను పసుపు చేసి రాల్చడం దాని స్వభావం. దానికి వైద్యం అక్కరలేదు, డిసెంబరు చివర్లో తీగను కత్తిరించుకుంటే చాలు.

అంచులు, కొనలు మాడితే

ఆకు నడుమ పచ్చగానే ఉండి కొనా అంచులూ గోధుమ రంగుకు ఎండితే ఎండ దెబ్బ అని అందరూ అంటారు. ఎండ దెబ్బ అయితే మచ్చ ఎండకు ఎదురుగా ఉన్న వైపే, తెల్లగా వెలిసినట్టు, ఆకు నడుమ కూడా పడుతుంది. నీడలో ఉన్న ఆకుల కొనలు కూడా మాడుతున్నాయంటే అది మట్టిలో పేరుకున్న ఉప్పు. దానికి మందు మంచి నీరు: కుండీ పరిమాణానికి రెండు మూడు రెట్ల నీటిని కొంచెం కొంచెంగా పోస్తూ అడుగు నుంచి ధారాళంగా కారనివ్వాలి, కారిన నీటిని పళ్లెంలో నిలవనీయకూడదు. ఇలా కడిగితే పోషకాలు కూడా పోతాయి కనుక పది రోజుల తర్వాత కొద్దిగా కంపోస్టు ఇవ్వాలి. ఎరువు వేశాకే అంచులు మాడడం మొదలైతే తప్పు ఎరువు మోతాదులో ఉంది, చికిత్స మాత్రం ఇదే.

ఏప్రిల్, మే నెలల్లో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటినప్పుడు మిద్దె గచ్చు, ముఖ్యంగా నల్లని కడప బండలు పరచినది, సాయంత్రం దాకా సెగలు కక్కుతూ ఉంటుంది. నల్ల ప్లాస్టిక్ కుండీలో పడమటి ఎండ తగిలే వైపు వేళ్లు వేడికి చచ్చిపోతాయి, నీళ్లు ఎంత పోసినా ఆ వైపు తీగలు వాడుతూ ఉంటాయి. కుండీని ఇటుకల మీద ఎత్తి, చుట్టూ గోనెపట్ట చుట్టి, మధ్యాహ్నం తర్వాత నీడ పడేలా గోడకు తూర్పు వైపు జరిపితే చాలావరకు తగ్గుతుంది.

ఆకు అడుగు చెప్పే సంగతి

ఆకు పైభాగం మీద పసుపు, తెలుపు కలిసిన నలుసులు సూదితో పొడిచినట్టు కనిపించి, క్రమంగా ఆకంతా దుమ్ము పట్టినట్టు కంచు రంగుకు తిరిగితే అది నల్లి. పొడి వేడి గాలిలో ఇది వేగంగా పెరుగుతుంది కాబట్టి ఫిబ్రవరి నుంచి వానలు పడేదాకా అనుమానించవలసిన మొదటి శత్రువు ఇదే. తెల్ల కాగితం పట్టుకుని కొమ్మను దాని మీద తట్టండి. రాలిన నలుసులు కాసేపటికి కదిలితే, వేలితో రాస్తే ఎర్రటి చార పడితే సందేహం అక్కరలేదు. అడుగున సన్నని గూడు దారాలు కూడా కనిపిస్తాయి.

ముందుగా గొట్టంతో ఆకు అడుగు వైపుకు నీటిని గట్టిగా కొట్టి కడగాలి. రెండు మూడు రోజులకొకసారి ఇలా రెండు వారాలు చేస్తే తీవ్రత బాగా తగ్గుతుంది. ఆ తర్వాత కూడా మిగిలితే లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, కొద్దిగా సబ్బు ద్రావణం కలిపి సాయంత్రం చల్లాలి. నీటిలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాముల చొప్పున నల్లికి మంచి మందే, కానీ ఎండ ముదిరిన రోజుల్లో అది ఆకును మాడ్చేస్తుంది కనుక మన ఎండాకాలానికి పనికిరాదు. వేపనూనె చల్లిన రెండు వారాల్లోపు కూడా దానిని వాడకూడదు. ఇంట్లో ఉన్నదే కదా అని ఏదో ఒక పురుగుమందు కొట్టడం ఇంకా చేటు. నల్లిని తినే మేలైన పురుగులు చచ్చి, నల్లి రెట్టింపవుతుంది. ఏ మందు అయినా మొగ్గలూ పూలూ ముందు కోసుకున్నాకే చల్లాలి, ఆ పూలు జడలోకీ దేవుడి పటం మీదికీ వెళ్లేవన్న సంగతి మరవకూడదు.

అడుగున తెల్లని పిండిలాంటి ముద్దలు ఉంటే పిండినల్లి, తట్టగానే తెల్లని చిన్న దోమలు లేస్తే తెల్లదోమ. రెండింటికీ కడగడం, వేపనూనె చాలు.

మట్టిలో వేలు పెట్టి చూడాలి

ఆకులు పసుపై, మెత్తబడి, చెయ్యి తగిలితే రాలిపోతూ, మట్టి మాత్రం తడిగా ఉంటే నీళ్లు ఎక్కువయ్యాయి. రెండు అంగుళాల లోతున వేలు పెట్టి తడి తగిలితే ఆ రోజు నీళ్లు మానాలి. ఇక్కడ జనం తరచు మోసపోయేది మధ్యాహ్నం వాడిన ఆకును చూసి: సాయంత్రానికి అదే తేరుకుంటే అది ఎండకు వాడడమే, దానికి నీళ్లు పోయనవసరం లేదు. పొద్దున లేచేసరికి కూడా వాడి ఉండి మట్టి తడిగా ఉంటే మొక్కను మట్టిగడ్డతో సహా మెల్లగా బయటకు తీయాలి. ఆరోగ్యమైన వేరు లేత రంగులో గట్టిగా ఉంటుంది, కుళ్లిన వేరు నల్లబడి, పట్టుకుంటే పైతొక్క ఊడివచ్చి, వాసన వేస్తుంది. కుళ్లినంత మేర కత్తిరించి, ఎర్రమట్టి, మాగిన ఎరువు, ముతక ఇసుక కలిపిన కొత్త మట్టిలో నాటి, కొన్నాళ్లు నీడన ఉంచాలి. మొదలు దగ్గర తెల్లని బూజు దారాలు, ఆవగింజల వంటి గుండ్రని గోధుమ రంగు గింజలు కనిపిస్తే అది మొదలుకుళ్లు. ఆ మట్టిని మరో కుండీకి వాడకూడదు, తీగను కాపాడాలంటే పై కొమ్మ కత్తిరింపులు వేరే నాటుకోవడం మంచిది. వేళ్ల మీద ముడుల వంటి బుడిపెలు ఉంటే నులిపురుగులు, అప్పుడు కూడా మట్టి మార్చక తప్పదు.

కడియం నర్సరీల నుంచి వచ్చే మొక్కలను బంకమట్టి గడ్డతోనే అమ్ముతారు. ఆ గడ్డను అలాగే మన ఎర్రమట్టిలో పెడితే నీళ్లు చుట్టూ ఉన్న గుల్లమట్టిలోంచి జారిపోయి గడ్డ లోపల పొడిగానే ఉంటుంది, పైన తడి కనిపిస్తున్నా ఆకులు పసుపై రాలుతాయి. నాటే ముందు గడ్డను నీటిలో నానబెట్టి బంకమట్టిని సగమైనా వదిలించాలి. ఈ పనికి వానాకాలం అనువైనది.

వానలు పట్టిన రోజుల్లో ఆకుల మీద పసుపు వలయంతో గోధుమ మచ్చలు పడితే ఆకుమచ్చ తెగులు. మచ్చపడ్డ ఆకులు కోసి పారేసి, తీగల గుబురు పలచన చేసి, అవసరమైతే లీటరుకు 2.5 గ్రాముల మాంకోజెబ్ అనే తెగులు మందు చల్లాలి.

ఏ చికిత్స చేసినా ఒకసారికి ఒక్కటే చేసి, రెండు మూడు వారాలు ఆగి, ఆ తర్వాత వచ్చిన కొత్త ఆకును చూసి ఫలితం నిర్ణయించాలి. మాడిన అంచు, రాలబోయే ముదురాకు ఎన్నటికీ కోలుకోవు కాబట్టి వాటిని చూసి మందు పనిచేయలేదనుకోవడం సరికాదు. ఇంత చూసినా కారణం తెలియకపోతే, వాడిపోకుండా తడి కాగితంలో చుట్టిన లేత, ముదురు ఆకుల రెమ్మలనూ, గుప్పెడు వేరుమట్టినీ, పోస్తున్న నీళ్లు ఒక సీసాలోనూ పట్టుకుని రెడ్డిపల్లి కృషి విజ్ఞాన కేంద్రంలోని ఉద్యాన శాస్త్రవేత్తలను కలవవచ్చు. ఆకు ఒక్కటే తీసుకువెళ్తే వారూ ఊహించే చెప్పవలసి వస్తుంది.